చెమట పట్టిన అడవిమెంతి

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. పాడి మీద ఒట్టు. మా జగ్గయ్యపేట వైపు పాడి మీద ఒట్టేసి అబద్ధమాడితే పాలు కుండలోనే విరిగిపోతాయంటారు. మా ఇంట్లో ఇప్పుడు మూడు గేదెలు పాలిస్తున్నాయి కాబట్టి, ఎంత ఆలోచించి ఈ ఒట్టు వేశానో మీరే అర్థం చేసుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చుట్టుపక్కల నాకొక పేరుంది. మున్నేరు వరదలో గుమ్మడికాయ మీద కూర్చుని నందిగామ గట్టుకు చేరానని చెప్పింది నేనే. అమ్మేసిన ఎద్దు మూడేళ్ళ తర్వాత సంతలో నన్ను గుర్తుపట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుందని, దాన్ని చూసి కొన్నవాడు కూడా ఏడ్చాడని చెప్పిందీ నేనే. అవన్నీ నవ్వుకోవడానికి. ఇది అటువంటిది కాదు. ఇది తల్చుకుంటే నాకు ఈనాటికీ అరచేతుల్లో చెమట పడుతుంది.

డెబ్బైల చివరి సంగతి. పెళ్ళయి రెండేళ్ళు. మా ఆవిడది వీరులపాడు వైపు. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక గేదెపెయ్యను తోలిపెట్టింది. ఆ పెయ్య పడ్డయింది, చూడి కట్టింది. తొలిచూలు. మా ఇంట్లో ఏ వస్తువైనా మా అందరిదీ, ఆ పడ్డ మాత్రం మా ఆవిడది. కుడితి తనే పెట్టేది, తనే కడిగేది. పుట్టింటి కబుర్లన్నీ దానికే చెప్పుకునేది. నాకు చెబితే నేను వాటికి నాలుగు కలిపి ఊళ్ళో చెబుతానని భయం.

మా పొలాలకు ఉత్తరాన ఒక పాత సున్నపురాయి గుంట ఉండేది. ఎవరో రాయి తీసుకుని వదిలేసినది. నేలంతా పిండి చల్లినట్టు తెల్లగా ఉండేది. ఎండాకాలం అందులో నిలబడితే ఎండ కింది నుంచి కూడా కొట్టేది. అయితే ఒక పక్క రాతి పొరల్లోంచి సన్నని ఊట దిగేది. ఆ ఊట తడిపినంత మేర, అర ఎకరం ఉంటుందేమో, మార్గశిరం వచ్చేసరికి అడవిమెంతి మొలిచేది. మోకాలెత్తు మొక్క. మెంతికూరకు లాగా మూడేసి ఆకులు, ఆకు అంచున సన్నటి పళ్ళు, పసుపుపచ్చటి చిన్నచిన్న పూల వెన్నులు. పొలం గట్ల మీద ఎక్కడో ఒకటీ అరా కనపడేది గానీ కొడవలి పెట్టి కోసుకునేంతగా ఉన్నది ఆ ఒక్క గుంటలోనే. నలిపితే వాసన తీపిగా ఉండేది, కోసిన గడ్డి ఎండలో వాడుతున్నప్పుడు వస్తుందే, ఆ వాసన.

దాన్ని నాకు చూపించింది ఆ గుంట పక్కనే సున్నం బట్టీ పెట్టుకున్న సాయిబుగారు. అరవై దాటిన మనిషి. నేను బాబాయ్ అనేవాణ్ణి. బట్టీ పని లేని రోజుల్లో ఊళ్ళో కోడెలకు ముక్కుతాళ్ళు కుట్టడం ఆయన పని. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయన కుట్టని కోడె ముక్కు లేదు.

"ఇదేం మొక్క బాబాయ్?" అని అడిగాను.

"అడవిమెంతి. మా నాన్న జట్కా గుర్రానికి ఇదే మేత. అప్పుడు ఆ గుర్రం ఎట్టుండేదో తెలుసా?"

"ఎట్టుండేది?"

"ఈగ వాలితే జారి కిందపడేది."

మా ఇద్దరిదీ ఒకటే జాతి అని అప్పుడే అర్థమైంది. బీడీ వెలిగించుకుని ఆయన ఇంకో మాట చెప్పాడు. "పచ్చిగా పెట్టు, కొంచెం కొంచెం. లేదంటే గలగలలాడేట్టు ఎండబెట్టి పెట్టు. నడమ చెమట పట్టింది మాత్రం పెట్టమాక అబ్బాయా."

"పెడితే ఏమవుద్ది?"

"మా నాన్న పెట్టలేదు. అందుకని నాకు తెలవదు."

రోజూ ఒక మోపు కోసి పడ్డకూ, మా కోడెదూడకూ వేసేవాణ్ణి. పదిహేను రోజుల్లో పడ్డ ఒళ్ళు నల్లరాయికి నూనె రాసినట్టు తయారైంది. ఊళ్ళో అడగడం మొదలుపెట్టారు. నేను మాత్రం మేత సంగతి చెప్పలేదు. మా అత్తగారు నేర్పిన మంత్రం అని ఒకరికి, కుడితిలో తాటిబెల్లం అని ఇంకొకరికి చెప్పాను. ఒకాయన నెలపాటు తాటిబెల్లం పెట్టి గేదెకు విరేచనాలు తెప్పించుకున్నాడు. ఆ పాపం వేరే.

మాఘంలో ఒక గొర్రెల మంద గుంట వైపు దిగడం చూశాను. ఒక్క పూట చాలు, మంద పడితే వేళ్ళు కూడా మిగలవు. ఆ పూటే కొడవలి పట్టుకుని దిగి మొత్తం కోసేశాను. పూత మీద ఉంది, ఇంకా గింజ కట్టలేదు. గుంటలోనే ఆరబోశాను. రెండో రోజు అకాల వాన పడింది. గొడుగంత మబ్బు, గంటసేపు వాన, అంతే. గుంటలో నీళ్ళు నిలిచాయి, తడిసిన మేతను మళ్ళీ విప్పి ఎండబెట్టాలంటే నలుగురూ చూసే చోట ఆరబొయ్యాలి. అది నాకిష్టం లేకపోయింది. బండికెత్తి, పైన జొన్నచొప్ప కప్పి, ఇంటికి తోలుకొచ్చి, మిరపకాయలు పోసుకునే గదిలో నేల నుంచి వాసాల దాకా తొక్కి తాళం వేశాను.

వారం తర్వాత తలుపు తీస్తే లోపల్నుంచి వేడి గాలి మొహానికి తగిలింది. వామిలో చెయ్యి పెడితే జ్వరం వచ్చినవాడి ఒళ్ళులా ఉంది. లోపలి పొరలకు తెల్లటి బూజు. చూశాను. చూసి, పై పొర కిందికి, కింది పొర పైకి తిరగేశాను. ఆ రోజే వేశాను. పడ్డ ఇష్టంగా తిన్నది. కోడె దాని వాటా తిని, పడ్డ వాటాకు కూడా మెడ చాచింది. గొడ్డు తిన్నదంటే మంచిదే అయుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నా అబద్ధాలను నమ్మేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

అట్లా ఇరవై రోజులు.

ఫాల్గుణంలో మా అత్తగారు దిగింది. పడ్డ ఈనడానికి ఇంకా పది పన్నెండు రోజులు ఉందనగా వచ్చింది. కూతురి పురుటికైనా అంత ముందు వచ్చేది కాదేమో. వచ్చిన మర్నాడే కోడెకు ముక్కుతాడు వేయించమని ఆవిడే తొందరపెట్టింది, అది పెచ్చుమీరి పడ్డను కుమ్ముతుందని. సాయిబుగారికి కబురు పెట్టాను.

ఆయన పని చూడముచ్చటగా ఉండేది. కోడెను రాటకు బిగించి, మెడ కింద గోకుతూ ఏదో ముచ్చట చెబుతూ ఉండేవాడు, ఆ ముచ్చట మధ్యలోనే దబ్బనం అటు నుంచి ఇటు వచ్చేది. రెండు చుక్కల రక్తం, కాస్త పసుపు, అయిపోయేది. ఆ రోజూ అట్లాగే కుట్టాడు. రెండు చుక్కలు పడ్డాయి. తర్వాత మూడోది పడింది. నాలుగోది పడింది. ఆయన పసుపు అద్దాడు. పసుపు తడిసి ఎర్రబడి జారిపోయింది. గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పోశాడు. పసరు వెంట రక్తం కూడా కారింది. సున్నం పెట్టాడు, చన్నీళ్ళ గుడ్డ పెట్టాడు, వంటింటి మూలల్లో సాలెగూడంతా మా ఆవిడ చీపురుతో దులిపి తెచ్చింది, అదీ పెట్టాడు. రక్తం ఉరకడం లేదు. చుక్క, చుక్క, చుక్క. దారం కట్టి లాగుతున్నట్టు. కింద పడిన రక్తం కూడా గడ్డ కట్టకుండా నీళ్ళలా పల్చగా పారి, నా కాలి దాకా వచ్చింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు పొద్దెక్కేసరికి కోడె మోకాళ్ళ మీద కూలింది. చిగుళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. ఎండ తలమీదికి రాకముందే పోయింది.

మా అత్తగారు వాకిట్లో నిలబడి అంది. "చెయ్యి మంచిది కాకపోతే రానని చెప్పాలి సాయిబుగారూ. పసిగొడ్డును పొట్టన పెట్టుకున్నారు."

"నలభై ఏళ్ళ నుంచి కుడుతున్నానక్కా," అన్నాడు ఆయన. "దూడ పోవడం ఎరగను."

"ఎరక్కపోతే ఇప్పుడు ఎరిగారుగా."

ఆయన దబ్బనాన్ని కడిగి, గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు. "మేతేం పెడుతున్నావు అబ్బాయా?"

అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆవిడ కూడా. "మామూలే బాబాయ్," అన్నాను. "చొప్ప, తవుడు."

ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊళ్ళో మాట పాకింది, సాయిబు చేతికి ఏదో తగులుకుందని. మర్నాడు కోడెకు తాడు వేయించుకోవాల్సిన రైతు ఒకాయన ఇంకొకరి కోసం వెతుక్కున్నాడు.

ఆ మర్నాడు పొద్దున చావిట్లోంచి మా ఆవిడ పిలిచింది. గట్టిగా పిలవలేదు.

"ఏవండీ. దీనికీ ఆగట్లా."

పడ్డ వీపు మీద జోరీగ కుట్టిన చోట నుంచి సన్నటి ఎర్రటి గీత పొట్ట మీదుగా దిగి, పొదుగు పక్కన చుక్కలు కడుతోంది. మా ఆవిడ పమిట చెంగుతో తుడిచింది. తుడిచిన చోట మళ్ళీ వచ్చింది. పలుపు ఒరుసుకునే చోట, మెడ కింద, కొబ్బరికాయంత వాపు. ముట్టుకుంటే మెత్తగా, లోపల నీళ్ళున్నట్టు. అది నీళ్ళు కాదని నాకు తెలుసు.

"ఈనితే ఎంత రక్తం పోద్దండీ?" అని అడిగింది. దూడ గురించి అడగలేదు, పాల గురించి అడగలేదు. అదొక్కటే అడిగింది. పది రోజుల్లో ఈనాల్సిన గొడ్డు, ఈగ కాటుకే రక్తం నిలవని గొడ్డు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు నేను చెయ్యవలసింది చేశాను. గది తాళం తీసి, వామి నడిమి పొరలోంచి బూజు పట్టిన మేత ఒక గుప్పెడు లాగి, తువ్వాల్లో మూటగట్టి, జగ్గయ్యపేట దాకా నడిచి నందిగామ బస్సెక్కాను. బస్సు నిండా జనం. మూట ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ, "ఏంటండీ అంత మంచి వాసనొస్తోంది, ప్రసాదమా?" అని అడిగింది. అవునన్నాను.

నందిగామ పశువుల ఆసుపత్రి డాక్టరు గారు అప్పటికి కుర్రాయన. మూట విప్పి, మేతను వేళ్ళతో విడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కిటికీ వెలుగులో చూశాడు.

"ఎన్నాళ్ళు పెట్టారు?"

"ఇరవై రోజులండి."

"తీపి వాసన వస్తుందే, అదే దీని గొప్ప, అదే దీని ముప్పు. ఆరకుండా బూజు పట్టిందంటే ఆ తీపి కాస్తా విషమవుతుంది. రక్తం గడ్డ కట్టదు. ఎలకల మందు తిన్న ఎలక ఎలా చస్తుందో తెలుసా? లోపల్లోపలే రక్తం కారి చస్తుంది. ఆ మందుకి ఇది పెద్దన్న. ఇంకా ఎన్ని తిన్నాయి?"

"ఒక కోడె అండి. మొన్న ముక్కు కుట్టిస్తే పోయింది. ఒక పడ్డ ఉంది. చూడిది."

"ఎప్పుడు ఈనుతుంది?"

"ఎనిమిది, పది రోజుల్లోనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళో రేపో ఈనిందంటే మాత్రం నేను ఏమీ చెప్పలేను. మేత ఇప్పుడే ఆపండి. రక్తం మళ్ళీ దారిలో పడటానికి రోజులు పడుతుంది. ఈలోపు దాని ఒంటి మీద గీత పడకూడదు."

"ఈనకుండా ఆపడానికి మందేమన్నా ఉందాండి?"

"లేదు."

మనుషుల మందుల షాపుకు వెళ్ళి, రక్తం గడ్డ కట్టించే విటమిన్ ఇంజక్షన్లు ఉన్నవన్నీ కొని, డాక్టరు గారు కూడా బస్సెక్కి మా ఊరొచ్చాడు. సూది గుచ్చాలంటే ఆయన చెయ్యే వెనకాడింది. ఆ సూది పోటు కూడా ఒక గాయమే కదా. సన్నటి సూదితో గుచ్చి తీసి, దూది పెట్టి, "ఇక్కడ నొక్కి పట్టుకోమ్మా, నేను చెప్పేదాకా వదలొద్దు," అన్నాడు. మా ఆవిడ బొటనవేలితో నొక్కి పట్టింది. ఆయన కాఫీ తాగాడు, పేపరు చదివాడు, మా అత్తగారి మోకాళ్ళ నొప్పి సంగతి విన్నాడు. వదలమన్నాక కూడా మా ఆవిడ వదల్లేదు.

గదిలో మేతంతా పెంటకుప్ప పక్కన పోసి తగలబెట్టాం. ఆ పొగ కూడా తీపి వాసనే వేసింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో రాస్తే నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడ నవ్వడం మొదలుపెడతారు. నవ్వండి. దొడ్డి చుట్టూ ఉన్న తుమ్మకంప కంచెంతా పీకి పారేశాం, ముల్లు తగులుతుందని. రాటలకున్న మేకులన్నీ పీకాం. కొబ్బరి పలుపు తీసేసి, మా ఆవిడ పాత నేత చీరలు మూడు పేని మెత్తటి పలుపు చేసింది. చావిట్లో గోడలకు గోనెసంచులు కట్టి, వాటి వెనక ఊక నింపాం, ఒరుసుకున్నా చర్మం లేవకుండా. పడ్డకు సొంత కొమ్ములు కూడా శత్రువులే, వెనక్కి తిరిగి ఈగను తోలుకుంటూ తన పక్కకే గీసుకుంటుందని కొమ్ముల చివర్లకు దూది పెట్టి గుడ్డలు చుట్టాం. నా పెళ్ళి పంచె రెండు ముక్కలై ఆ కొమ్ములెక్కింది. చెవుల్లో పిడుదులుంటే పీకొద్దన్నాడు డాక్టరు, పీకిన చోట రక్తం వస్తుందని. కాబట్టి పిడుదులు ఆ వారం మా ఇంట్లో అల్లుళ్ళలా తిని కూర్చున్నాయి. ఆ మాట అన్నది మా అత్తగారు, నా వైపు చూస్తూ.

కాకులు గొడ్డు మీద వాలి పొడుస్తాయి కదా. ఆవిడ పొద్దు పొడిచింది మొదలు చావిడి ముందు కుర్చీ వేసుకుని, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో వేపమండ పట్టుకుని కూర్చునేది. కాకికి కర్ర, జోరీగకు మండ. ఆ వారం రోజులూ మా ఊరి కాకులు పక్క ఊరికి వలస పోయాయి. అల్లుడిగా నేను చెబుతున్నాను, నమ్మండి.

నవ్వులాటగా రాస్తున్నాను గానీ ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. పడ్డ లేస్తే భయం, పడుకుంటే భయం. పేడ వేస్తే వెళ్ళి కర్రతో కదిపి చూసేవాళ్ళం, ఎర్రగా ఉందా అని. రెండో రోజు ఉంది. మూడో రోజు నల్లగా ఉంది. నాలుగో రోజు డాక్టరు మళ్ళీ వచ్చి ఇంకో సూది వేసి, నల్లబడటం మంచిదే అన్నాడు. మెడ కింది వాపు మాత్రం తగ్గలేదు. దాన్ని కోస్తే సరి అని సలహా ఇచ్చినవాళ్ళు ఇద్దరు. మా అత్తగారు వాళ్ళ మీదికి కూడా కర్ర ఎత్తింది.

మా ఆవిడ దాని మొహం దగ్గర కూర్చుని ఏదో చెబుతూ ఉండేది. ఒకసారి చాటుగా విన్నాను. "ఇప్పుడే వద్దు, ఇంకొన్నాళ్ళు కడుపులోనే ఉంచుకో," అంటోంది. కన్నతల్లినైనా అట్లా ఎవరూ బతిమాలి ఉండరు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, పడ్డ తోక పక్కకు పెట్టి, కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. మా అత్తగారు కుర్చీలోంచి లేచింది. ఉమ్మనీరు పోయింది. గిట్టలు కనపడ్డాయి. తొలిచూలు, ఇరుకు దారి, మామూలుగా అయితే కాస్త లాగి సాయం చేస్తాం. చెయ్యి పెట్టి లాగితే లోపల చీరుకుంటుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. అందుకని ముగ్గురం చేతులు కట్టుకుని నిలబడ్డాం. అది ముక్కుతుంటే మేమూ ముక్కాం. మా అత్తగారు పళ్ళు కొరుకుతూ, "నిదానం తల్లీ, నిదానం," అంటోంది. నేను చావిడి గుంజను పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత చూస్తే అరచేతిలో చెక్క పేడు దిగి ఉంది.

దూడ జారి గడ్డి మీద పడింది. పెయ్య. దాని వెంట రక్తం వచ్చింది.

ఎంత వస్తే మామూలు, ఎంత వస్తే మించినట్టు, మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఇంతకుముందు ఎన్నో ఈతలు చూసిన మా అత్తగారికి కూడా ఆ పూట గుర్తు రాలేదు. మా ఆవిడ దూడ బొడ్డును దారంతో రెండు చోట్ల కట్టి, వేళ్ళతో నొక్కి పట్టుకుంది. నేను పడ్డ వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని చుక్కలు చూస్తున్నాను. ఒక చుక్క. ఇంకో చుక్క. కోడె ముక్కు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకుంటే ఆగదేమోనని తెరిచే ఉంచాను. మాయ పడేదాకా అట్లాగే. పడ్డాక, ఇంకాసేపటికి, గడ్డి మీద పడిన రక్తాన్ని మా అత్తగారు పుల్లతో కదిపింది. పుల్లకు అంటుకుని పైకి లేచింది, జున్నులా.

"గడ్డ కట్టింది," అంది. అని, కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ వెనక ఉందనుకుని నేల మీద కూలబడింది. మా ఆవిడ దూడ బొడ్డు వదలకుండానే ఏడ్చింది.

పడ్డ బతికింది. మా ఇంట్లో ఆరు ఈతలు ఈనింది. ఎనభైల నడుమ దాకా దాని పాలు తాగాం. ఇప్పుడున్న మూడు గేదెలూ దాని సంతానమే. అడవిమెంతి మాత్రం మళ్ళీ ఆ గుంటలో మొలవలేదు. గింజ రాలకముందే కోసేశాను కదా, మరుసటి సంవత్సరం నాలుగైదు మొక్కలు కనపడ్డాయి, ఆ పై ఏడు అవీ లేవు. తర్వాత గుంట కాస్తా పెద్ద రాతి క్వారీలో కలిసిపోయింది. దాన్ని వెతుక్కుంటూ నేను చాలా గట్లు తిరిగాను. ఒకటీ అరా దొరుకుతుంది. కొడవలి పెట్టేంత ఎక్కడా చూడలేదు.

ఇక ఒట్టు సంగతి.

కొమ్ములకు కట్టిన పెళ్ళి పంచె నిజం. చీరల పలుపు నిజం. ఊక నింపిన గోడలు నిజం, కావాలంటే రాటలకు మేకులు పీకిన గుంటలు చూపిస్తాను. కాకులు వలస పోవడం కొంచెం అటూ ఇటూ. నేను కల్పించింది వేరే చోట ఉంది. "అప్పుడు నేను చెయ్యవలసింది చేశాను" అని రాశాను చూడండి, అక్కడ.

నేను చెయ్యలేదు. నందిగామ వెళ్ళింది సాయిబుగారు.

ఆ పొద్దున పడ్డకు రక్తం ఆగట్లేదని విని ఆయన మా ఇంటికొచ్చాడు. మా అత్తగారు గుమ్మంలోనే ఆపేసింది. ఆయన నన్ను పక్కకు పిలిచి, "గది తాళం ఇయ్యి అబ్బాయా," అన్నాడు. గుంట పక్కనే ఉండే మనిషి, నేను తడి మేత బండికెత్తిన రోజు నుంచీ లెక్క ఆయన దగ్గరుంది. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. పోయిందన్నాను. నలుగురిలో అబద్ధం ఆడాను, ఇప్పుడు నిజం చెబితే ఆ కోడెను చంపింది నేనే అవుతాను, మా ఆవిడ మొహం ఎట్లా చూడాలి, అంతే నా ఆలోచన. పడ్డ పోతే పోతుంది, దానికి కూడా ఆయన చెయ్యే కారణమని అందరూ అంటారు, ఇక నన్నెవరూ అడగరు అని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్న మాట నిజం. ఆయన సందులోకి వెళ్ళి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి దూర్చి, మోచెయ్యి గీరుకుపోతున్నా లోపలికి తోసి, గుప్పెడు మేత లాగి తన తువ్వాల్లో కట్టుకున్నాడు. బస్సులో ప్రసాదమా అని అడిగించుకున్నది ఆయనే. డాక్టరుతో ఆ మాటలన్నీ మాట్లాడింది ఆయనే. సాయంత్రం డాక్టరును వెంటబెట్టుకుని దిగితే, నేను చావిడి వెనక నిలబడి అన్నీ విన్నాను. డాక్టరు మేత చూపించమన్నప్పుడు మొలతాడు నుంచి తాళంచెవి తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. తను నా మొహం చూడలేదు, తాళంచెవినే చూసింది.

తర్వాత ఈ కథను నేను జగ్గయ్యపేటలో టీ కొట్టు బల్లల మీద చాలాసార్లు చెప్పాను, బస్సెక్కింది నేనే అన్నట్టుగా. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన ఆ బల్ల చివరనే కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చూసుకోలేదు. చూసేసరికి సగం దాకా చెప్పేశాను, ఆపడానికి వీల్లేకపోయింది. ఆయన పూర్తిగా విన్నాడు. గ్లాసు కింద పెట్టి లేచి, నా పక్కగా వెళ్తూ అడిగాడు.

"బస్సు దిగాక ఆసుపత్రి ఎటు పక్క ఉంది అబ్బాయా? కుడి పక్కా, ఎడమ పక్కా?"

నాకు తెలియదు. అప్పటికి నేను ఆ ఆసుపత్రిని చూడనే లేదు. "ఎడమ పక్క బాబాయ్," అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరి కోడెకూ ఆయన ముక్కు కుట్టలేదు. పిలిచినా పోలేదు.

ఆసుపత్రి కుడి పక్కనే ఉంది. ఆయన పోయాక ఒకసారి వెళ్ళి చూసొచ్చాను.